పగలొక రోజు, రాత్రొక రోజు

మా బావగారు జైళ్ల మీద తిరుగుతున్న ఆ సందేశాన్ని మా వాట్సాప్ గుంపులో ఈ నెలలో నాలుగోసారి పంపారు. మొదటిసారి చదివాను, రెండోసారి నవ్వుకున్నాను, మూడోసారి ఫోను బోర్లా పెట్టాను. నాలుగోసారి దాని నెత్తిన "పన్ను కట్టే ప్రతి ఒక్కరూ చదవాల్సిన నిజం" అని సొంత వాక్యం ఒకటి తగిలించారు. ఇక ఊరుకోలేకపోయాను.

అందనివారు అదృష్టవంతులు. వారి కోసం అందులో ఉన్నది క్లుప్తంగా: మన జైళ్లు రిసార్టులు. ఆదివారం కోడికూర, చూడటానికి టీవీ, పైగా జీతం; బాధితులకు మాత్రం కన్నీళ్లే. లోపలున్నవాళ్లందరూ నేరగాళ్లే. యావజ్జీవం పడినా పగలొక రోజు, రాత్రొక రోజుగా లెక్కకట్టి ఏడేళ్లలో వదిలేస్తారు. విడుదలైనవాళ్లలో నూటికి ఎనభైమూడుగురు మళ్లీ పట్టుబడతారని అమెరికా లెక్కలే చెబుతున్నాయి, కాబట్టి పునరావాసం డబ్బు దండగ. చివర ఎర్ర అక్షరాల్లో: జైలుకు వెళ్లొచ్చినవాడికి ఇల్లు అద్దెకు ఇవ్వకండి, పనిలో పెట్టుకోకండి.

పగలూ రాత్రీ లెక్కను ముందు వదిలించుకుందాం. అది ఏ చట్టంలోనూ లేదు. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం అని 1961లోనే గోడ్సే తమ్ముడి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పద్నాలుగేళ్లు అనేది విడుదల తేదీ కాదు, హత్యలాంటి నేరాల్లో ప్రభుత్వం అంతకుముందు వదలకూడదని చట్టం పెట్టిన హద్దు. అయిపోయింది.

కోడికూర సంగతి. కొన్ని రాష్ట్రాల జైళ్లలో వారానికోసారి మాంసం పెడతారు, నిజమే. ఐదింటికి రాత్రి భోజనం పెట్టి, చీకటి పడకముందే తాళం వేసి, తెల్లారేదాకా తీయరని కూడా రాసి ఉంటే బాగుండేది. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో పట్టేది 4,36,266 మంది, ఉన్నది 5,73,220 మంది. వందమందికి కట్టిన చోట 131 మంది పక్కలు పరుచుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలో 119 మంది ఖైదీలు ఆత్మహత్య చేసుకున్నారు. కులం చూసి కొందరి చేతికి చీపురు, కొందరి చేతికి గరిటె ఇవ్వమనే నిబంధనలు కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో ఉంటే, వాటిని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో కొట్టేయాల్సి వచ్చింది. ఇలాంటి రిసార్టుకు బావగారు ఆఫీసు ఖర్చుతో ఎల్టీసీ యాత్ర పెట్టుకోవచ్చు.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. డబ్బు, పలుకుబడి ఉన్నవారికి జైల్లో వేరే జీవితం దొరుకుతుంది. మంచం, ఇంటి భోజనం, పిలిస్తే పలికే మనుషులు. అలాంటివాళ్ల ఫొటోలు చూసి ఒళ్లు మండటంలో తప్పేమీ లేదు. ఆ మంట తీసుకెళ్లి పక్క బ్యారక్‌లోని సెల్‌ఫోను దొంగ మీద పోయడమే నాకు నచ్చనిది.

జీతం: చాలా రాష్ట్రాల్లో అది బయటి కూలికి దరిదాపుల్లో ఉండదు. పని చేయించుకుంటే న్యాయమైన వేతనం ఇవ్వాలని 1998లో చెప్పిన సుప్రీంకోర్టు, అందులో కొంత బాధితులకు పరిహారంగా పక్కన పెట్టే ఏర్పాటు చేయాలని కూడా చెప్పింది. బాధితుల గురించి అంత కన్నీరు పెట్టిన సందేశం ఈ రెండో ముక్కను ఎందుకు మింగిందో.

లోపలున్నవాళ్లందరూ నేరగాళ్లేనట. ఆ 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ఇంకా తీర్పు రానివాళ్లు. నలుగురిలో ముగ్గురు. వాళ్లలో బెయిలు వచ్చినా జామీను నిలిచే మనిషి దొరక్క ఉండిపోయినవారున్నారు, కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్టు పోలీసులు లేక వాయిదా మీద వాయిదా పడినవారున్నారు. రేపు నిర్దోషి అని తీర్పు వచ్చినా పోయిన కూలి పని, మానేసిన పిల్లల చదువు, ములాఖత్‌ కోసం బస్సులకు పెట్టిన అప్పు వెనక్కి రావు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవారు ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల గడిపేస్తే, ఉరి గానీ యావజ్జీవం గానీ పడే కేసు కాకపోతే బెయిలు మీద వదలాలని 2024 జులై నుంచి కొత్త చట్టం చెబుతోంది. ఆ లెక్క కట్టి దరఖాస్తు పెట్టేవారు కావాలి కదా. రిసార్టులో ఆ సదుపాయం తక్కువ.

ఇప్పుడు ఎనభైమూడు. ఈ అంకె అబద్ధం కాదు. అమెరికాలోని 30 రాష్ట్రాల్లో 2005లో విడుదలైనవారిలో 83 శాతం మంది తొమ్మిదేళ్లలో కనీసం ఒకసారి అరెస్టయ్యారు. అరెస్టు అంటే శిక్ష కాదన్నది అలా ఉంచండి. నార్వేలో రెండేళ్లలో మళ్లీ శిక్ష పడేది ఇరవై శాతం చుట్టూనే అని నా వైపువాళ్లు బల్ల గుద్దుతుంటారు; అది శిక్షల లెక్క, ఇది అరెస్టుల లెక్క, గడువులూ వేరు. రెండూ పక్కపక్కన పెట్టడం నాకూ సమ్మతం కాదు. కానీ ఆ అమెరికా నివేదికనే ఇంకో పేజీ తిప్పితే? మొదటి ఏడాది అరెస్టయినవారు 44 శాతం. తొమ్మిదో ఏడాది 24 శాతం. దొంగ బుద్ధి పుట్టుకతో వచ్చేదైతే తొమ్మిదో ఏటికి ఎక్కడికి పోయినట్టు? ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మొదటి ఏడాదిలోనే. ఉండటానికి గది, చేతికి పని వెతుక్కునే ఏడాది అది.

సరిగ్గా ఆ రెండే ఇవ్వొద్దంటున్నాయి ఆ ఎర్ర అక్షరాలు.

రెండేళ్ల క్రితం మా ఇంట్లో అల్మారాలు చేసిన వడ్రంగి రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో ఆరేళ్లు ఉండి వచ్చిన మనిషి. పని అక్కడే నేర్చుకున్నాడు. బయానా పుచ్చుకునే ముందు ఆ సంగతి ఆయనే చెప్పాడు. పొద్దున వచ్చేసరికి తలుపు తీసే ఉన్నా, ఎవరో ఒకరం రమ్మనేదాకా గడప అవతలే నిలబడేవాడు. గది మారాలంటే "అటు వెళ్లనా సార్?" అని అడిగేవాడు. సాయంత్రం ఐదయ్యేసరికి చిత్రిక పక్కన పెట్టి డబ్బా విప్పేవాడు. అది ఆయన రాత్రి భోజనం. బయటికొచ్చి ఏడాది దాటినా ఆకలి జైలు గంటకే వేస్తోందని నవ్వేవాడు.

మూడో వారంలో అపార్టుమెంటులో ఎవరికో తెలిసింది. మర్నాడు గేటు దగ్గర ఆపేశారు. పోలీసుల నుంచి మంచి నడవడిక పత్రం తెస్తే చూద్దామన్నారట. శిక్ష పూర్తి చేసుకున్నవాడు ఏ స్టేషనుకు వెళ్లి ఏమని అడగాలి? పై అంతస్తుల్లో మూడు ఇళ్లవాళ్లు కొలతలు కూడా ఇచ్చి, వద్దన్నారు. నేను కిందికి వెళ్లి మాట్లాడి తీసుకొస్తే వచ్చాడు కానీ పనికి కాదు. ఉలులకు ఒక్కొక్కదానికీ పాత గుడ్డ చుట్టి సంచిలో సర్దుకున్నాడు. చేసిన పనికి లెక్క చూసి, బయానాలో మిగిలిన మూడు వందలు నా చేతిలో పెట్టాడు. ఎక్కడికి వెళ్తావంటే, లోపల పరిచయమైనవాళ్లు ఒకరిద్దరు రమ్మంటున్నారు, చూడాలి అన్నాడు. వాళ్లు నడవడిక పత్రం అడగరు.

నేనేదో ఉత్తముణ్నని చెప్పుకోవడం లేదు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ మా ఆవిడ బీరువా తాళంచెవులు కొంగున ముడేసుకుని తిరిగింది. ముడేసుకోమన్నది నేనే. భయపడటం తప్పనను. పిల్లల మీద అఘాయిత్యం చేసి వచ్చినవాడికి బడి వ్యాను అప్పగించమని ఎవరూ అనరు. భయానికీ, ఊరంతా కలిసి వెలివేయడానికీ మధ్య చాలా దూరం ఉంది. జైపూరు దగ్గర సాంగానేర్‌లో 1963 నుంచి బహిరంగ జైలు నడుస్తోంది. హత్య కేసుల్లో యావజ్జీవం పడినవారు కూడా అక్కడ పెళ్లాం పిల్లలతో ఉంటారు, పగలు బయట పనికి వెళ్లి సాయంత్రం హాజరు వేయించుకుంటారు. ఊరేమీ కొట్టుకుపోలేదు. మన అనంతపురంలో, చర్లపల్లిలో బహిరంగ జైళ్లున్నాయి. చాలా చిన్నవి. పునరావాసం పేరుతో మనవాళ్లు చూపించే, ఖైదీలతో నడిపే పెట్రోలు బంకులూ బేకరీలూ లోపలున్నవారిలో ఏ కొద్దిమందికో సరిపోతాయి. దండగ అనడానికి కూడా తగినంత ఖర్చు పెట్టలేదు మనం.

బంకు అంటే గుర్తొచ్చింది. చంచల్‌గూడలో జైళ్ల శాఖ బంకుంది. బావగారు పని కట్టుకుని అక్కడికే వెళ్లి పెట్రోలు పోయించుకుంటారు. కొలతలో మోసం ఉండదట. గొట్టం పట్టుకున్నది ఎవరనుకుంటున్నారో మరి.

ఇదంతా గుంపులో పెట్టే ముందు ఆయనకే ఫోను చేసి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నారు. వడ్రంగి దగ్గర అయ్యో అన్నారు కూడా. అంతా అయ్యాక, "అది సరేనయ్యా, పగలూ రాత్రీ కలిపి రెండు రోజులు కాదంటావా అయితే?" అన్నారు.