మసక ఎక్స్‌రేకు పాత మిషనే కారణమా?

కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతున్నది. ఎక్స్‌రే మసకగా వస్తే అది పాత మిషన్ లోపమేననీ, డిజిటల్ మిషన్‌లో కిరణాలు చెదరవనీ, ఒంట్లో ఎంత పెద్ద మేర తీస్తే చిత్రం అంత బాగుంటుందనీ, తీశాక కూడా చెదిరిన కిరణాలు గంటసేపు గదిలోనే ఉంటాయి గనుక తోడు వచ్చినవారు లోపలికి పోకూడదనీ దాని సారాంశం.

గంటసేపు ఉంటాయన్న మాటకు జవాబు చిన్నది. స్విచ్ వదలగానే ట్యూబులో కిరణాలు పుట్టడం ఆగిపోతుంది, చెదిరినవి ఆ క్షణంలోనే గోడల్లో ఇంకిపోతాయి. దీపం ఆర్పిన గదిలో వెలుతురు మిగలదు కదా.

పాత మిషన్ మాటే అసలు పొరపాటు. కిరణాలు ప్రధానంగా చెదిరేది మిషన్‌లో కాదు, రోగి శరీరంలో. భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1923లో వివరించినట్టు, ఎక్స్‌రే కిరణం ఎలక్ట్రాన్‌ను తాకి, కొంత శక్తి పోగొట్టుకొని, దారి మళ్లుతుంది. అలా మళ్లినది డిటెక్టర్, అంటే చిత్రాన్ని పట్టే పలక, మీద ఎక్కడో పడుతుంది గాని, ఏ ఎముకను దాటి వచ్చిందో చెప్పలేదు. దుమ్ము రేగిన రోడ్డు మీద హెడ్‌లైటు వెలుతురు పరుచుకున్నట్టు చిత్రమంతా బూడిదరంగు పొర కమ్మి, ఎముకకూ కండకూ తేడా తగ్గుతుంది. వేలికి తీస్తే ఇది స్వల్పమే. లావాటి మనిషి పొట్టకు, చెదిరినవాటిని వడకట్టే గ్రిడ్ లేకుండా తీస్తే మాత్రం డిటెక్టర్‌ను చేరేవాటిలో నేరుగా వచ్చినవాటికంటే చెదిరినవే ఎక్కువ. డిజిటల్ మిషన్ ఆ పొరను కంప్యూటర్‌లో పలచన చేసి చూపగలదు, కాని చెదిరిన కిరణాలవల్ల చిత్రానికి వచ్చిన గరుకుదనాన్ని పూర్తిగా తుడవలేదు. 1913లో గుస్తావ్ బకీ రూపొందించిన గ్రిడ్, అంటే ఏటవాలుగా వచ్చే కిరణాలను ఆపే సన్నని సీసపు పట్టీల వరుస, నేటి డిజిటల్ గదుల్లోనూ ఉన్నది. కిరణాలు చెదరకపోతే దానితో పనేమిటి? అయితే గ్రిడ్ నేరు కిరణాలనూ కొంత మింగుతుంది గనుక రోగికి ఇచ్చే కిరణాల మోతాదును రెండు నుంచి ఐదు రెట్లు పెంచవలసి వస్తుంది. అందుకే వేళ్లకూ పసిబిడ్డలకూ సాధారణంగా వాడరు.

పెద్ద మేర సంగతి సరిగ్గా తలకిందులు. కిరణాలు పడే చోటు పెరిగేకొద్దీ చెదిరేవీ పెరుగుతాయి, చిత్రం చెడుతుంది, రోగికి మోతాదూ ఎక్కువవుతుంది. మోకాలికి తీసేటప్పుడు కొలిమేటర్‌తో, అంటే కిరణాలు పడే చోటును కుదించే సీసపు పలకలతో, మోకాలి వరకే కిరణాలు పడేట్టు చేయడం పిసినారితనం కాదు, ఇచ్చిన డబ్బుకు పెద్ద ఫిల్మ్ రావాలనుకునేవారికి ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

తోడు వచ్చినవారు బయట ఉండాలన్నది మాత్రం, ఎక్స్‌రే తీసే ఆ క్షణం వరకు, ఒప్పే. రోగికి మీటరు దూరంలో చెదిరిన కిరణాల బలం రోగి మీద పడేదానిలో సుమారు వెయ్యో వంతు. దూరం రెట్టింపైతే అందులోనూ నాలుగో వంతే. బిడ్డను పట్టుకోక తప్పని తల్లికి సీసపు ఏప్రాన్ తొడిగించాలి.