మధ్యంతరం ఇంకెన్నాళ్లు?

గన్నవరం విమానాశ్రయంలో ఇప్పుడు వాడుతున్న టెర్మినల్‌ను 2017 జనవరిలో ప్రారంభించినప్పుడు, దాన్ని మధ్యంతర టెర్మినల్ అనే పిలిచారు. అసలు భవనం వచ్చేదాకా సర్దుకోవడానికి కట్టిన కట్టడం అది. అసలు భవనానికి 2019లో శంకుస్థాపన జరిగింది. మరుసటి ఏడాది పనులు మొదలయ్యాయి. కొవిడ్ కాలంలో కూలీలు ఊళ్లకు వెళ్లిపోయి పని కుంటుపడిందంటే అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత 2023 అన్నారు, 2024 అన్నారు, 2025 అన్నారు. చెప్పిన ప్రతి గడువునూ నమ్మి ప్రచురించిన పత్రికగా ఈ జాప్యాన్ని ప్రశ్నించే బాధ్యత మాకుంది.

ముప్ఫై అయిదు వేల చదరపు మీటర్ల విస్తీర్ణం, రద్దీ వేళలో గంటకు 1,200 మంది ప్రయాణికులు, ఆరు ఏరోబ్రిడ్జిలు... ఇదీ కొత్త టెర్మినల్ లెక్క. టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచి వెళ్లే వంతెనే ఏరోబ్రిడ్జి. అది ఆడంబరమేమీ కాదు. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలో విమానం మెట్లు దిగి, కాలుతున్న కాంక్రీటు మీద చంటిబిడ్డ తలకు కొంగు కప్పుకుని నడిచే తల్లిని అడిగితే దాని విలువ తెలుస్తుంది. మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టూ పట్టుకుని దిగే పెద్దవారికి ఆ వంతెన అత్యవసరం.

భవనం పైకి లేచి రోడ్డు మీద వెళ్లేవారికి కనబడుతోంది కదా అంటారు. ఇనుప చట్రం, పైకప్పు, అద్దాలు కనిపిస్తాయి. సామాను బెల్టులు, తనిఖీ యంత్రాలు, ఇమిగ్రేషన్ కౌంటర్లు, విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ సిబ్బంది, భద్రతా అనుమతులు కనిపించవు. ఆలస్యం ఎక్కువగా దాక్కునేది అక్కడే. అందుకే ‘ఇంత శాతం పూర్తయింది’ అన్న ప్రకటనతో మేము తృప్తిపడలేము. మిగిలిన పని ఏది, అది ఎవరి చేతిలో ఉంది, ఏ నెలకు ముగుస్తుంది? విమానాశ్రయాల సంస్థ ఈ మూడూ నెలనెలా బహిరంగంగా ప్రకటించాలి. కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు తెలుగువారు, ఈ రాష్ట్రం నుంచే ఎన్నికైనవారు. ఆయన తలచుకుంటే ఇదేమంత కష్టం కాదు.

అలాగని ప్రారంభోత్సవ ముహూర్తం కోసం పనిని తరమడాన్నీ మేము ఒప్పుకోము. 2024 జూన్ చివరి వారంలో ఢిల్లీ విమానాశ్రయం ఒకటో టెర్మినల్ వద్ద పైకప్పు కూలి ఒక మనిషి ప్రాణం పోయింది. మర్నాడే రాజ్‌కోట్ విమానాశ్రయంలో పందిరి కూలింది. తుపాన్లు వచ్చి పోయే కృష్ణా తీరంలో ప్రతి బోల్టునూ పరీక్షించాకే తలుపులు తెరవాలి. అందుకు మరో నెల పడితే ప్రజలు ఓపిక పడతారు. కారణం చెప్పకుండా కరిగిపోయే నెలలనే వారు సహించలేరు.

ఈ విమానాశ్రయ విస్తరణ కోసం బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి రైతులు వందల ఎకరాలు ఇచ్చారు. భూసమీకరణ కింద వారికి రాజధాని అమరావతిలో ప్లాట్లు ఇస్తామన్నారు. 2019 తర్వాత రాజధాని పనులు ఆగిపోవడంతో, పొలం పోయిన రైతుకు ఆ ప్లాటు చాలాకాలం కాగితం మీదే మిగిలింది. ఏలూరు కాల్వ నీళ్లతో వరి పండిన ఆ నేల మీద ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి. టెర్మినల్ పనులను సమీక్షించే ప్రతి సమావేశంలోనూ ఈ రైతుల ప్లాట్ల అభివృద్ధి, భూమి ఇచ్చినందుకు ఏటా ఇవ్వాల్సిన కౌలు చెల్లింపులు, ఇళ్లు కోల్పోయిన కుటుంబాల పునరావాస కాలనీ పనులు కూడా చర్చకు రావాలి. కొత్త భవనం తెరిచే రోజుకు ఆ బాకీలన్నీ తీరి ఉండాలని మేము రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాము.