ఫోటో అంచుకు అవతల

పిల్లలు వ్యాసం రాసి చూపిస్తే వాక్యం వాక్యం దిద్దుతాం. అదే పిల్లలు ఫోటో తీసి చూపిస్తే ‘చాలా బాగుంది’ అని ఫోను తిరిగి వారి చేతిలో పెట్టేస్తాం. ఆ ‘బాగుంది’ మర్యాదే తప్ప విమర్శ కాదు. బొమ్మను చూడడానికి కళ్లుంటే చాలు, చదువు అక్షరాలకే కావాలి అన్న పాత నమ్మకం దాని వెనుక ఉంది. బొమ్మలతో భావాన్ని చెప్పడం నేర్పే విజువల్ కమ్యూనికేషన్ కోర్సుల్లో సైతం బొమ్మ తీయడాన్ని ఒక తరగతిగా, బొమ్మను విశ్లేషించడాన్ని మరో తరగతిగా విడదీసి నేర్పడం నాకు సమ్మతం కాదు.

1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల మకాంలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి) ఫోటోను చాలామంది చూసే ఉంటారు. ఆ తల్లిని లాంగ్ ఆ రోజు వరుసగా పలుమార్లు తీశారు. దూరం నుంచి తీసిన వాటిలో గుడారం కనిపిస్తుంది. ప్రసిద్ధమైన ఫోటోలో మాత్రం తల్లి ముఖం, చెంపకు ఆనించిన చేయి, ఒళ్లో పసిబిడ్డ, ముఖాలు అటు తిప్పుకుని ఆమె భుజాలకు ఒరిగిన ఇద్దరు పిల్లలు తప్ప దాదాపు ఏమీ మిగలలేదు. పిల్లల ముఖాలు కనిపించవు కనుక మన చూపు తల్లి నుదుటి ముడతల దగ్గరే ఆగిపోతుంది. కుడివైపు కింది మూలలో గుడారపు గుంజను పట్టుకున్న ఒక బొటనవేలు ఉండేది. లాంగ్ తర్వాత దాన్ని నెగటివ్‌లోనే చెరిపించారు. (నేనైనా చెరిపించేవాడినేమో.) ఆ తల్లి పేరు తాను అడగలేదని 1960లో లాంగే రాశారు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న ఆ పేరు లోకానికి తెలిసింది 1978లో. కూర్పును మెచ్చుకుని ఊరుకున్నవారికి ఈ సంగతులేవీ అందవు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని తాము ఒక్కసారైనా తేల్చుకోలేక తికమకపడినవారికే ఆ వేలి బరువు తెలుస్తుంది.

ఆ తికమకను నేర్పడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఎల్ ఆకారంలో కోసిన రెండు అట్టముక్కలను అచ్చువేసిన ఫోటో మీద చట్రంలా పెట్టి, అటూ ఇటూ జరిపితే చాలు. సగం కుర్చీలు ఖాళీగా ఉన్న సభ కూడా, చట్రాన్ని ముందు రెండు వరుసలకే బిగిస్తే, కిక్కిరిసిపోతుంది. సంఘాల పత్రికలు నడిపేవారికి ఈ కిటుకు కొత్తదేమీ కాదు.

అందుకే మనం పెట్టే ఫోటో పోటీలకు నాదొక ప్రతిపాదన. పోటీదారులు కత్తిరించిన ఫోటోతోపాటు కత్తిరించని అసలు ఫోటోను కూడా పంపాలి. ఏది, ఎందుకు వదిలేశారో నాలుగు వాక్యాల్లో రాయాలి. న్యాయనిర్ణేతలు మార్కులు వేసి ఊరుకోకుండా, ‘బాగుంది’ అన్న మాట వాడకుండా, ఆ నాలుగు వాక్యాలకు జవాబు రాయాలి.