కోడి రాజీనామా చేయాలి

గుడ్డు ధర ఏడు రూపాయలు దాటినప్పుడల్లా జనం కిరాణా కొట్టువాడి మీద పడుతున్నారు. వంతెన కూలితే ఇంజనీరును సస్పెండ్ చేస్తారు, రైలు పట్టాలు తప్పితే మంత్రిని రాజీనామా అడుగుతారు. గుడ్డు దగ్గరకొచ్చేసరికి మాత్రం, పెట్టినదాన్ని వదిలేసి అమ్మినవాడితో తగువు. నైతిక బాధ్యత వహించి తప్పుకోవలసింది కోడేనని ఆధారాలతో సహా మనవి చేస్తున్నాం.

దాని మీద ప్రధాన అభియోగం తిండి. గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. గుడ్డు పెట్టిన రోజూ తింటుంది, పెట్టని రోజూ అంతే తింటుంది. షెడ్డులో నూరు కోళ్లకు రోజుకు 90 గుడ్లు వస్తుంటే ఒక్కో గుడ్డుకు 122 గ్రాముల దాణా పడుతుంది. దాణా కిలో 28 రూపాయలనుకుంటే ఇది 3 రూపాయల 42 పైసలు. కోళ్లు ముదిరి ఆ 90 కాస్తా 75కి దిగితే అదే దాణా గుడ్డుకు 147 గ్రాములు, 4 రూపాయల 11 పైసలు. బజారులో దాణా ధర పైసా కదలకుండానే గుడ్డు మీద దాదాపు 70 పైసలు పెరిగాయన్నమాట. టీకాలు, కరెంటు, కూలి, కోడిపిల్ల ఖరీదు, బ్యాంకు వడ్డీ ఇంకా లెక్కలోకే రాలేదు.

ఆ దాణాలో పెద్ద వాటా మొక్కజొన్నది. దేశం పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలని పూనుకుంది, చెరకు ఒక్కటే చాలక దాన్ని తయారుచేసే డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. 2024-25 నాటికి ఇథనాల్‌కు అన్నిటికంటే ఎక్కువగా వాడింది మొక్కజొన్ననే. కారూ కోడీ ఒకే బంతిలో కూర్చున్నాయి. మర్యాద తెలిసినదైతే కోడి లేచి కారుకు చోటివ్వాలి. ఇవ్వదు. నూకలతో సరిపెడదామంటే పచ్చసొన వెలవెలబోతుంది, రంగు లేదని కొనేవాళ్లు గొణుగుతారు. పైగా నూకల కోసం కూడా ఆ డిస్టిలరీలే ఎదురొస్తాయి.

ఎండను తట్టుకోలేకపోవడం ఇంకో లోపం. కోడికి చెమట పట్టదు, 35 డిగ్రీలు దాటితే నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకు గట్టిపడడానికి కావలసిన కార్బొనేటు చాలదు. మేత కూడా తగ్గించేస్తుంది, దాంతో కాల్షియమూ అందదు. పెంకు పలచబడుతుంది. 210 గుడ్ల పెట్టెలు గోదావరి జిల్లాల్లో లారీ ఎక్కి బెంగాల్, బీహార్ చేరేలోపు ప్రతి గుంతా తన వాటా తాను తీసుకుంటుంది. కప్పు మీద స్ప్రింక్లర్లు, లోపల ఫాగర్లు, తెల్లవారుజామునే దాణా, నీళ్లలో ఎలక్ట్రోలైట్లు... ఇన్ని సపర్యలు జరిగినా చిట్లిన గుడ్డు చిట్లిందే. దాని నష్టం కూడా బాగున్న గుడ్డే మోయాలి.

ఇక క్షమించరానిది ఒకటుంది: మార్కెట్ సంకేతాల పట్ల కోడికి బొత్తిగా గౌరవం లేదు. ధర పెరిగిందని తెలిసినా రోజుకు రెండు గుడ్లు పెట్టదు. పడిపోయిందని మానదు. వేసవిలో రేటు దిగి నెలల తరబడి నష్టమొస్తే రైతు ముసలి కోళ్లను ముందే మాంసానికి అమ్మేస్తాడు, కొత్త బ్యాచ్ వేయడు. ఆ లోటు అప్పుడు ఎవరికీ కనబడదు. కోడిపిల్ల గుడ్డుకు రావడానికే 18 నుంచి 20 వారాలు, జోరందుకోవడానికి మరో ఆరు వారాలు కావాలి. ఈలోగా కార్తీకం ముగుస్తుంది, ఉత్తరాదిన చలి మొదలవుతుంది, అందరికీ ఒకేసారి ఆమ్లెట్టు గుర్తొస్తుంది. డిసెంబరు ధర మీద టీవీ చర్చలు డిసెంబరులో పెడతారు గాని, ఆ ధర మే నెలలోనే ఖాయమైపోయింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరుల్లో బర్డ్ ఫ్లూ వచ్చినట్టు కోళ్లను పూడ్చిపెట్టవలసి వస్తే ఖాళీ అయిన షెడ్డుకూ అదే నిరీక్షణ.

కొట్టువాడికి క్లీన్ చిట్ ఇచ్చేముందు ఒక్క మాట. నెక్, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ, ప్రకటించే టోకు ధరను పేపరు రేటంటారు; అది వంద గుడ్లకు ఇంతని ఉంటుంది, గుడ్డుకు ఐదు పది పైసల చొప్పున కదులుతుంది. కొట్లో ధర రూపాయి చొప్పున కదులుతుంది, అదీ ఒకే దిక్కుకు. పేపరు రేటు 590 నుంచి 620కి ఎక్కితే ఆరు రూపాయల గుడ్డు సాయంత్రానికి ఏడవుతుంది. మళ్లీ 590కి దిగితే చిల్లర ఉండదు. తెలంగాణలో బడి భోజనం వండే మహిళలకు ఈ సౌకర్యం లేదు. సర్కారు గుడ్డుకింత అని కట్టిన లెక్క బజారుతోపాటు పెరగదు, తేడా వాళ్ల చేతినుంచే పోతుంది. దీనికీ కోడినే నిలదీయాలి, వేరెవరినైనా అడిగితే ఫైలు పరిశీలనలో ఉందంటారు.

కోడి రాజీనామాతో పాటే భర్తీ ప్రకటన కూడా వెలువరించడం సముచితం. వచ్చే డిసెంబరులో చవక గుడ్డు కావాలంటే జూన్ మొదట్లోనే పిల్లలు షెడ్డులో పడాలి. కావున, వేసవి నష్టం ఇంకా తీరకముందే, మొక్కజొన్న ధర ఎటు పోతుందో తెలియకుండా, అప్పు తెచ్చి పదివేల పిల్లలు వేయగల రైతులు కావలెను. అనుభవం తప్పనిసరి. చలికాలంలో లాభం వస్తే దోపిడీదారు అనిపించుకోవడానికి సిద్ధపడినవారికి ప్రాధాన్యం.