గుండ్రంగా ఉంటే సరిపోదు, గ్రహచారం కూడా బాగుండాలి

గ్రహం అనిపించుకోవడానికి ఏమేం ఉండాలో 2006 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య తేల్చేసింది. సూర్యుడి చుట్టూ తిరగాలి. సొంత గురుత్వాకర్షణతో దాదాపు గుండ్రంగా తయారై ఉండాలి. తన కక్ష్య పరిసరాలను ఖాళీ చేయించుకుని ఉండాలి (ఎలా ఖాళీ చేయించిందో అడగరు).

ప్లూటోకి గుండ్రంలో వంక పెట్టడానికి లేదు. 2015లో న్యూ హొరైజన్స్ నౌక దగ్గర నుంచి చూస్తే ధ్రువాల వద్ద నొక్కుకుపోయిన ఆనవాలే దొరకలేదు. అయినా పరిసరాల పేపర్లో తప్పిందని మరుగుజ్జు గ్రహాల్లోకి నెట్టారు.

శని సంగతి చూడండి. పదిన్నర గంటలకో చుట్టు చొప్పున గిర్రున తిరిగి తిరిగి నడుము దగ్గర ఉబ్బిపోయింది. అడ్డంగా కొలిస్తే 1,20,536 కిలోమీటర్లు, ధ్రువం నుంచి ధ్రువానికి 1,08,728. తేడా 11,800 పైచిలుకు. మన భూమి వ్యాసమే మొత్తం 12,742! ఇంత పొట్ట వేసుకున్నా 'దాదాపు గుండ్రం' అని పాస్ చేశారు. ఏలినాటి శని ఏడున్నరేళ్లని తెలిసినవాడెవడూ ఆ ఫైలు మీద అభ్యంతరం రాయడు లెండి.

గురుగ్రహం కేసు ఇంకా ముచ్చటైనది. దాని కక్ష్యలోనే ముందో గుంపు, వెనకో గుంపు, వేల గ్రహశకలాలు తిరుగుతున్నాయి. మరి ఖాళీ చేయించలేదేం అంటే, అవి దాని గురుత్వాకర్షణ అదుపులోనే ఉన్నాయి కాబట్టి లెక్కలోకి రావట. అంటే ఆక్రమణదారులు కారు, అనుచరులు. ఆ మాటకొస్తే ప్లూటో కూడా నెప్ట్యూన్ అనుచరుడే. ఆయన మూడు చుట్లు తిరిగేసరికి ఇది సరిగ్గా రెండు తిరుగుతుంది, కక్ష్య దాటి లోపలికొచ్చినా ఢీకొట్టదు. పెద్దాయన పదవి పెద్దాయనకుంది, పోయింది అనుచరుడిదే.

కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే గ్రహశకలం వెస్టాది మరీ అన్యాయం. సుమారు 525 కిలోమీటర్ల ఒంటి మీద, దక్షిణ ధ్రువం దగ్గర 500 కిలోమీటర్ల గుంట పడేలా ఏదో వచ్చి గుద్దింది. గుద్దినదాని మీద కేసు లేదు, తిన్నదానికి గుండ్రం తగ్గిందని మార్కులు కోశారు. నాలుగు గంటలు కూడా పట్టకుండా ఒక చుట్టు తిరిగేసి, కోడిగుడ్డులా సాగిపోయిన, నెప్ట్యూన్ అవతల తిరిగే హౌమియా మాత్రం 2008 నుంచి మరుగుజ్జుల జాబితాలో నిక్షేపంగా ఉంది.

కాబట్టి అందరికీ ఒకే టేపు పెట్టి మళ్లీ కొలవాలని డిమాండ్ చేస్తున్నాను. మొదలు మనతోనే పెట్టండి. భూమికీ నడుము దగ్గర సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువే. ఆ పొట్ట పుణ్యమా అని ఈక్వడార్‌లోని 6,263 మీటర్ల చింబొరాజో కొన, భూకేంద్రం నుంచి లెక్కిస్తే, ఎవరెస్ట్ కంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంది. కాకపోతే ఎవరెస్ట్ ఎక్కి వచ్చినవాళ్లకు కప్పిన శాలువాలు వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది సమాఖ్యే తేల్చాలి.