పెళ్లి సీడీ ఏ డబ్బాలో?

దసరాకు ఇల్లు దులుపుతుంటే బీరువా అడుగు అరలోంచి అవి బయటపడతాయి. అంచు పగిలిన ప్లాస్టిక్ డబ్బాలో పెళ్లి సీడీ. అట్ట మీద పూల చట్రంలో వధూవరులు, కింద ఫొటో స్టూడియో ఫోన్ నంబరు. దాని కింద మార్కర్‌తో ‘బాబు ఇరవై ఒకటో రోజు’ అని రాసిన డిస్కు, తాతకు ఎంఆర్ఐ తీసినప్పుడు ఇచ్చిన మరొకటి. ప్లేయర్ ఎప్పుడో మూలకు పడింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు. గుమ్మం ముందు స్వచ్ఛ ఆటో ఆగితే ఆ ఇల్లాలు అడిగేది ఒక్కటే: ఇది ఏ డబ్బాలో వేయాలి?

ఆ ప్రశ్నకు వరంగల్‌లో ప్రతి గడపకూ సూటి జవాబు అందాలి. తడి, పొడి వేరు చేయడం ఈ ఊరికి కొత్త కాదు. 2012 అక్టోబరులో క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ పోటీ వేళ ఇంటింటా ఆ అలవాటు పడింది. కేంద్రం తెచ్చిన 2016 ఘన వ్యర్థాల నియమాలు చెత్తను మూడుగా విడదీయమంటే, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగుగా చేయమంటున్నాయి. డబ్బాల పేర్లు తెలిసినంత మాత్రాన చేతిలో ఉన్న వస్తువు దేనికి చెందుతుందో తెలియదు.

మెరుస్తుంది కాబట్టి డిస్కును చాలామంది ఎలక్ట్రానిక్ చెత్త అనుకుంటారు. కాదు. ప్లేయర్ ఈ-వ్యర్థం, అందులో తిరిగే డిస్కు ప్లాస్టిక్. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం, దాదాపు 15 గ్రాముల బరువున్న పాలీకార్బొనేట్ బిళ్ల అది. దాని మీద వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచని లోహపు పూత, ఆపైన లక్క లాంటి పొర. అంటే పొడి చెత్తే. పైడబ్బా వేరే రకం ప్లాస్టిక్, లోపలి అట్ట కాగితం. మూడింటినీ విడదీసి ఇవ్వాలి.

పాలీకార్బొనేట్ మంచి సరుకు. కరిగించి మళ్లీ వాడుకోవచ్చు. చిక్కంతా తూకంలో ఉంది. ఒక ఇంట్లో వంద డిస్కులున్నా కిలోన్నరే. పాత సామాన్ల దుకాణదారుకు అది గిట్టుబాటు కాదు. అదే 66 డివిజన్ల నుంచి ఒకచోటికి చేరితే లెక్క మారుతుంది. ఆ పని ఏ ఇల్లూ ఒంటరిగా చేయలేదు, నగరపాలక సంస్థ చేయగలదు. డివిజన్ల వారీగా నెలకు ఒక రోజు పెట్టి, పొడి చెత్త కేంద్రాల్లో డిస్కులకు ఒక సంచి విడిగా కట్టాలని మేము కోరుతున్నాం.

ఇళ్లవారు చేయాల్సిందీ ఉంది. పెళ్లి వీడియోను ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కులో సమాచారం ఉండేది ఒక రంగు పొరలో. ఎండకు, వేడికి అది చెడిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. పారేసే సీడీని పేరు రాసిన వైపు మేకుతో లోతుగా గీస్తే చాలు, సమాచారం ఆ పూత కిందే ఉంటుంది. డీవీడీకి అది సరిపోదు, దాని పొర రెండు పలకల మధ్యన దాగి ఉంటుంది. గుడ్డలో చుట్టి రెండుగా కత్తిరించి, ముక్కలను మందపాటి కాగితంలో కట్టి, ఆటో వారికి చెప్పి ఇవ్వండి. డిస్కు ముక్క అంచు గాజు పెంకులా కోస్తుంది. చెత్తను చేత్తో వేరు చేసే మనిషికి ఆ మాట చెప్పకుండా వదిలేయడం తప్పు.

మక్క చేన్లలో పిట్టలను బెదిరించడానికి డిస్కులు వేలాడదీసే రైతులున్నారు. మంచి వాడకమే, పంట కోయగానే తీసేస్తే. దుక్కిలో కలిసిన ముక్క మట్టిలో కరగదు. కాల్చడం మాత్రం ఎక్కడా వద్దు. మడికొండ, రాంపూర్ వాసులు డంపింగ్ యార్డు పొగతో పడిన బాధ ఈ నగరానికి తెలుసు.

ఆటో మైకులో తడి చెత్త, పొడి చెత్త అంటూ రోజూ పాట వినిపిస్తూనే ఉంది. బతుకమ్మకు ఇళ్లు దులిపే లోపే ఆ పాట తర్వాత అర నిమిషం పాటు నగరపాలక సంస్థ డిస్కుల సంగతి చెప్పించాలి. ఏ రోజు తీసుకుంటారో, ఎలా కట్టి ఇవ్వాలో అందులో ఉండాలి.