వేలి చుక్క చూపిన అంకెతో మాత్ర మానేయకండి

కర్నూలులో కీళ్లవాతం ఉన్నవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. "చేతిలో ఇమిడే యంత్రం వచ్చింది. వేలి నుంచి చుక్క రక్తం చాలు, కీళ్లవాతం, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత అవయవాలనే దెబ్బతీసే జబ్బు) ఏ స్థితిలో ఉన్నాయో ఇంట్లోనే తెలుస్తుంది. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తంలోని ప్రొటీన్) మామూలుగా ఉంటే మందులు ఆపేయవచ్చు. ల్యాబు ఖర్చు దండగ" అన్నది దాని సారాంశం. ల్యాబులో పనిచేసే మనిషిగా దీనికి జవాబు చెప్పకుండా ఉండలేను.

ఇంట్లో సీఆర్‌పీ చూసుకునే యంత్రాలు ఉన్న మాట నిజమే. కానీ చుక్క రావడం లేదని వేలిని గట్టిగా పిండితే రక్తంలో ఒంటి నీరు కలిసి లెక్క తప్పుతుంది. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంట్లో అలమరలో పెట్టిన స్ట్రిప్పులను నమ్మలేం.

ఇక, వ్యాధి స్థితి తెలుస్తుందన్న మాట. ఒంట్లో ఎక్కడ వాపు రేగినా కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. గొంతు నొప్పికీ, చీము గడ్డకీ అది పెరుగుతుంది. లూపస్‌లో మరీ చిక్కు: వ్యాధి చురుగ్గా ఉన్నా చాలామందిలో సీఆర్‌పీ పెద్దగా పెరగదు. మూత్రపిండాలు దెబ్బతింటున్న సంగతి మూత్రంలో ప్రొటీన్ చూస్తే తెలుస్తుంది. మొహం ఉబ్బి, మూత్రం నురగ కడుతున్న అమ్మాయి ఈ అంకె చూసి ధైర్యంగా ఇంట్లో కూర్చుంటే ఎవరిది బాధ్యత?

చర్మానికి అంటించుకుని షుగరు చూసుకునే పట్టీలాంటిది దీనికీ వచ్చేసిందని కొందరు జోడిస్తున్నారు. చెమటలో సీఆర్‌పీని పట్టే పట్టీని అమెరికాలోని కాల్టెక్ పరిశోధకులు 2023లో చూపించారు. అది పరిశోధన. మిల్లీలీటరు రక్తంలో గ్లూకోజు మిల్లీగ్రాము దాకా ఉంటే, వాపు సంకేతాలు మోసే ఇంటర్‌ల్యూకిన్-6 పికోగ్రాముల్లో ఉంటుంది. పికోగ్రాము అంటే మిల్లీగ్రాములో వంద కోట్లవ వంతు. అంత తక్కువను పట్టడం షుగరును పట్టినంత తేలిక కాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మందులు ఆపేయమనడం. చాలామందికి ఆ అంకె తగ్గిందే మందు వల్ల. ఆపితే వాపు తిరగబెడుతుంది, అరిగిన కీలు మళ్లీ మామూలు కాదు. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) వాడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకునే మెథోట్రెక్సేట్‌కు తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, కాలేయం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తూ ఉండాలి. వీటిలో ఒక్కటీ సీఆర్‌పీ యంత్రానికి కనిపించదు. మీరు దండగ అంటున్న ల్యాబు పరీక్షలు ఇవే.

ఖర్చు బాధ నాకు తెలియనిది కాదు. ఆలూరు నుంచో పత్తికొండ నుంచో వచ్చేవారికి బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలీ కూడా పోతుంది. యంత్రం ఇప్పటికే కొని ఉంటే తేదీ, అంకె, పొద్దున కీళ్లు ఎంతసేపు పట్టేశాయో, ఏవి వాచాయో ఒక పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి, అది పనికొస్తుంది. మెథోట్రెక్సేట్ వాడుతుండగా నోట్లో పుండ్లు, జ్వరం, ఆయాసం వస్తే మాత్రం యంత్రం ఏ అంకె చూపినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.